అన్యాయం, స్వేచ్ఛ: ఉన్నత పాఠశాల పఠనానికి తగిన నాలుగు తెలుగు రచనలు

వ్యాససంగ్రహం:
స్వాతంత్ర్యోద్యమ చరిత్రను చదివే వయసులోనే ‘స్వాతంత్ర్యం, స్వేచ్ఛ ఒకటేనా?’ అన్న ప్రశ్న విద్యార్థికి ఎదురుకావాలి. ఆ ప్రశ్నను గబ్బిలం, మాలపల్లి, ప్రజల మనిషి, స్వేచ్ఛ అనే నాలుగు రచనలు ఎలా లేవనెత్తుతాయో, వాటిని తొమ్మిది, పది తరగతులలో ఏ క్రమంలో చదివించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అస్పృశ్యత, వెట్టి, స్త్రీ స్వేచ్ఛ, ఉన్నత పాఠశాల, సాహిత్యబోధన.

1. ఉపోద్ఘాతం:
పాఠ్యపుస్తకంలో సాహిత్యం ఎక్కువగా ఖండికలుగా, ఘట్టాలుగా కనిపిస్తుంది. పద్యమైతే ప్రతిపదార్థం, గణవిభజన. గద్యమైతే సారాంశం, పాత్రస్వభావం. పరీక్షకు ఇవి అవసరమే. అయితే అన్యాయాన్ని చిత్రించిన రచనను ఇంతవరకే చదివితే, ఆ బాధ గడిచిపోయిన కాలపు ఇతివృత్తంగా మిగిలిపోతుంది. అన్యాయానికి మూలాలు, దానిని ఎదిరించే మార్గాల మధ్య ఘర్షణ కథాక్రమంలోనే తెలుస్తాయి.

2. గబ్బిలం - మొర వినిపించే హక్కు:
గుర్రం జాషువా (1895-1971) 1941లో వెలువరించిన ఈ కావ్యం మేఘసందేశం మార్గంలో సాగే సందేశకావ్యం. కాళిదాసు యక్షుడు ప్రియురాలికి సందేశం పంపగా, తంజావూరు ప్రాంతపు నిరుపేద అస్పృశ్యుడు కాశీలోని శివునికి మొర పంపుతాడు. లోకం అశుభమని భావించే గబ్బిలమే అతని దూత. గుడిలోకి అతనికి ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. ఈ ఒక్క కల్పనతోనే అస్పృశ్యతలోని అసంబద్ధత విద్యార్థికి బోధపడుతుంది. దూతకు దారి చెబుతూ నాయకుడు దేశవైభవాన్ని ప్రేమతో వర్ణిస్తాడు. దేశాన్ని తనదిగా భావించినవాడిని ఆ దేశంలోని ఆలయం తనవాడిగా భావించలేదు. తరగతి గదిలో చర్చ ఇక్కడ మొదలుకావాలి.

3. మాలపల్లి - ఎదిరించే రెండు మార్గాలు:
ఉన్నవ లక్ష్మీనారాయణ (1877-1958) జైలులో రాసిన ఈ నవలను నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. భక్తుడైన రామదాసు కుటుంబం భూమిని కోల్పోయి, చివరికి జైలు పాలవుతుంది. కుమారులలో సంగదాసు సంస్కరణను నమ్మి, భూస్వామి చౌదరయ్య చేతిలో హతుడవుతాడు. వెంకటదాసు తక్కెళ్ల జగ్గడై ధనికులను దోచి పేదలకు పంచుతాడు. చౌదరయ్య కుమారుడు రామానాయుడు సంగదాసుకు ప్రాణమిత్రుడు. కాబట్టి మంచిచెడులను కులాన్నిబట్టి విభజించే వీలు ఈ కథలో లేదు. విస్తృతమైన నవల కనుక సోదరులిద్దరి కథ తెగకుండా అధ్యాయాలను ఎంపిక చేసుకోవడం మేలు.

4. ప్రజల మనిషి - చదువు, సంఘటితశక్తి:
వట్టికోట ఆళ్వారుస్వామి (1915-1961) వంటపని చేస్తూ చదువుకున్నారు. దేశోద్ధారక గ్రంథమాలను నెలకొల్పి పుస్తకాలను ఊరూరా చేర్చారు. నిజాం పాలనలోని తెలంగాణ పల్లెలో దొర రామభూపాలరావు ఆధిపత్యాన్ని, వెట్టిని, కంఠీరవం నాయకత్వంలో ప్రజలు మేల్కొనడాన్ని ఈ నవల చిత్రించింది. మాలపల్లిలో ఎక్కువగా కుటుంబం మోసిన భారం ఇక్కడ ఊరంతటి సమస్య అవుతుంది.

5. స్వేచ్ఛ - ఇంటిలోపలి ప్రశ్న:
ఓల్గా 1987లో వెలువరించిన ఈ నవలలో దొర లేడు, గుడి తలుపు లేదు. పుట్టింటి ఆంక్షల నుంచి బయటపడే మార్గం వివాహమని అరుణ భావిస్తుంది. ప్రేమించి పెళ్లాడిన ప్రకాశం క్రూరుడేమీ కాడు. అయినా ఆమె నిర్ణయాలకు అతని అనుమతి కావాలి. ఆమె చివరికి ఆ ఇంటిని వీడుతుంది. క్రౌర్యం లేనిచోట కూడా అన్యాయం ఉండగలదా అన్నదే ఇందులోని క్లిష్టమైన ప్రశ్న. అందుకే ఇది పదవ తరగతిలో, ఈ క్రమంలో చివరగా ఉండడం సముచితం.

6. బోధనలో జాగ్రత్తలు:
ఈ రచనలు చిత్రించిన వర్గాల పిల్లలు అదే తరగతిలో ఉంటారు. వారి అనుభవాన్ని అందరి ముందు చెప్పమని కోరడం మరొక అవమానం కాగలదు. చర్చ పాత్రలపైన, పరిస్థితులపైన సాగాలి. కులవాచకాల నాటి వాడుకను, నేటి చట్టపరమైన స్థితిని ఉపాధ్యాయుడు ముందే వివరించాలి.

7. ముగింపు:
గుడి, పొలం, ఊరు, ఇల్లు అనే క్రమంలో ఈ నాలుగు రచనలు అన్యాయాన్ని పాఠకుడికి క్రమంగా దగ్గర చేస్తాయి. మొదటి పుస్తకంలో అన్యాయం చేసినవారు ఎవరో దూరపువారిగా కనిపిస్తారు. చివరి పుస్తకం ముగిసేసరికి విద్యార్థి తన ఇంటివైపు చూడక తప్పదు. ఉన్నత పాఠశాలలో ఈ పఠనానికి ప్రయోజనం అదే.