మార్కులూ న్యాయమూ: తెలుగు సాహిత్య పేపర్లు దిద్దడం గురించి

సాహిత్యానికి విలువ కట్టడం గురించి మనం చాలా చర్చించాం. ఒక కథ మంచిదో కాదో తేల్చే ప్రమాణాలు ఎక్కడినుంచి వస్తాయి, అవి ఎవరికి ఉపయోగపడతాయి అని పుటలకు పుటలు రాశాం. ఐతే ఏటేటా వేలాదిమంది యువతీయువకుల రాతకు విలువ కట్టే పని ఒకటి మనలో చాలామంది చేతుల మీదుగానే జరుగుతోంది. పరీక్ష పేపర్లు దిద్దడమే ఆ పని. దాన్ని గురించి మన పత్రికల్లో దాదాపు ఎవరూ రాయరు. అదేదో గుమాస్తా వ్యవహారమనీ, సాహిత్యంతో దానికి సంబంధం లేదనీ మన లోలోపలి అభిప్రాయం. డిగ్రీ, ఎం.ఏ. తెలుగు పేపర్లు ఇరవై ఏళ్లకు పైగా దిద్దినవాణ్ణి నేను. ఆ అభిప్రాయం సరికాదని ఆ అనుభవం మీదే చెప్పదలిచాను.

మొదట చరిత్ర కొంచెం. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు 1857లో ఏర్పడ్డాయి. నమూనాగా తీసుకున్నది అప్పటి లండన్ విశ్వవిద్యాలయాన్ని. అది పాఠాలు చెప్పే సంస్థ కాదు, పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ. కాబట్టి మన దేశంలో ఆధునిక విశ్వవిద్యాలయం పుట్టడమే పరీక్షల కార్యాలయంగా పుట్టింది. పాఠం కాలేజీలో, పరీక్ష విశ్వవిద్యాలయంలో. చదువు చెప్పిన మనిషి వేరు, విలువ కట్టే మనిషి వేరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత కూడా అనుబంధ కాలేజీల విషయంలో ఈ పద్ధతి మారలేదు. పరాయివాడు దిద్దితేనే న్యాయం అనే నమ్మకం దీని వెనక ఉంది. ఈ నమ్మకంలో సగం నిజముంది. తక్కిన సగాన్ని పరీక్షించవలసి ఉంది.

దాన్ని పరీక్షించినవాళ్లు లేకపోలేదు. 1888లో ఎడ్జ్‌వర్త్ అనే ఆర్థికవేత్త ఇంగ్లండులో పరీక్షల గణాంకాల మీద ఒక వ్యాసం ప్రచురించాడు. ఒకే లాటిన్ వచన రచనను సమర్థులైన 28 మంది పరీక్షకులు దిద్దితే నూటికి 45 నుంచి 100 దాకా మార్కులు పడ్డాయని అందులో చూపించాడు. 1912-13లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఇదే పని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. భాషా విషయాల్లో ఇలా జరగడం సహజమనీ, గణితంలో జరగదనీ కొందరు ఎదురు చెబితే, ఒకే రేఖాగణితం పేపరును వందకు పైగా ఉపాధ్యాయుల చేత దిద్దించారు. ముప్పైకి దిగువనుంచి తొంభైకి ఎగువ దాకా మార్కులు వచ్చాయి.

అన్నిటికంటే ఆలోచింపజేసేది 1935లో హార్టాగ్, రోడ్స్ ప్రచురించిన ఫలితం. ఈ హార్టాగ్ మనకు పరాయివాడు కాదు. ఢాకా విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలర్. భారతదేశంలో విద్య గురించి 1929లో నివేదిక ఇచ్చిన సంఘానికి అధ్యక్షుడు. అంతకుముందు ఒకే మధ్యరకం మార్కు తెచ్చుకున్న 15 చరిత్ర పేపర్లను వాళ్లు తీసుకుని 15 మంది పరీక్షకుల చేత మళ్లీ దిద్దించారు. మార్కులు 21 నుంచి 70 దాకా చెదిరిపోయాయి. ఏడాదో ఏడాదిన్నరో గడిచాక, వారిలో 14 మందికి అవే పేపర్లు తిరిగి ఇచ్చారు. మొత్తం 210 తీర్పుల్లో 92 చోట్ల పరీక్షకుడు తన పాత తీర్పునే తాను కొట్టేశాడు! ఇద్దరు మనుషుల మధ్య తేడా ఉంటుందని అందరికీ తెలుసు. ఒకే మనిషికి తనతోనే ఇంత తేడా ఉంటుందనేది మనం ఒప్పుకోవడానికి ఇష్టపడని విషయం. 1948-49 నాటి రాధాకృష్ణన్ కమిషన్, విశ్వవిద్యాలయ విద్యలో ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామని చెప్పిందంటే ఆశ్చర్యం లేదు.

ఇక మన స్పాట్ వాల్యుయేషన్ కేంద్రానికి వద్దాం. జవాబు పత్రం మీద హాల్ టికెట్ నంబరున్న భాగాన్ని తీసేసి, కోడ్ నంబరు వేసి, కట్టలు కట్టి పంపుతారు. విద్యార్థి ఎవరో, ఏ ఊరో, ఏ కులమో, ఏ కాలేజీయో దిద్దేవాడికి తెలియకూడదు. ఇది చిన్న విషయమనే వాళ్లతో నేను ఏకీభవించను. పేరు వింటే కులం పోల్చుకోగల సమాజంలో, పేరు తెలియకుండా దిద్దడం అనేది పేదవిద్యార్థికి దొరికిన గట్టి రక్షణ. తర్వాత చీఫ్ ఎగ్జామినర్ ఒక కీ ఇస్తాడు. ఏ ప్రశ్నకు ఏయే అంశాలుండాలి, దేనికెన్ని మార్కులు అన్నది అందులో ఉంటుంది. మార్కుల కూడికలు సరిచూడ్డానికి వేరే మనిషి ఉంటాడు. ఈ చివరి పనిని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో 2019 ఏప్రిల్లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలప్పుడు రాష్ట్రమంతా చూసింది. తెలుగు పేపరులో 99 మార్కులొచ్చిన ఒక విద్యార్థినికి జాబితాలో సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. అది విశ్వవిద్యాలయం కాదు, బోర్డు. ఐనా అంకె వేసే చేతికి ఎంత బరువుందో అక్కడా ఇక్కడా ఒకటే.

దిద్దడానికి పేపరుకింత అని కూలి. నేను పనిచేసిన ఒక కేంద్రంలో పూటకు ముప్పై పేపర్లు. మూడు గంటల పూట అనుకుంటే పేపరుకు ఆరు నిమిషాలు. ముప్పై పేజీల జవాబు పత్రం ఆరు నిమిషాల్లో ఎవరూ చదవరు, చూస్తారు. చూసే కంటికి ఏవి కనబడతాయి? ఉపశీర్షికలు, గీతలు కొట్టిన వాక్యాలు, కీలో ఉన్న నాలుగు మాటలు. అంటే గైడు పుస్తకం భాష. గైడు రాసేవాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. కూలి పద్ధతి మార్చకుండా పరీక్షకుడికి నీతులు చెప్పి లాభం లేదు.

కీ గురించి ఇంకొంచెం చెప్పాలి. సాహిత్యంలో కీ అనేది ఒక విమర్శ సిద్ధాంతం. 'కన్యాశుల్కంలో గిరీశం పాత్రను వివరించండి' అన్న ప్రశ్నకు కీలో 'హాస్యం', 'ఆంగ్ల విద్యా ప్రభావం', 'మోసం' అని మూడు అంశాలుంటే, మధురవాణి చూపునుంచి గిరీశాన్ని చదివిన అమ్మాయికి ఏ గడిలో మార్కులు వేయాలి? న్యాయం కోసం పెట్టిన కీ కొత్త ఆలోచనకు తాళమవుతుంది. కీ లేకపోతే మాత్రం హార్టాగ్ చూపిన గందరగోళంలో పడతాం. నాకు తోచిన మార్గం ఒకటుంది. కీలో అంశాలు కాక గుణాలుండాలి. మూలాన్ని చదివిన ఆధారం, వాదానికి క్రమం, ఉదాహరణ సరైనదవడం, సొంత నిర్ణయం వంటివి. కట్ట విప్పకముందు పది పేపర్లు అందరూ విడివిడిగా దిద్ది, ఒక బల్ల దగ్గర కూర్చుని తేడాలు మాట్లాడుకోవాలి. దీనికి ఒక పూట పడుతుంది. ఆ ఒక్క పూటకు డబ్బు ఇవ్వడానికి ఏ కార్యాలయానికీ మనసొప్పదు.

అటువంటి ఒక చర్చ, అనుకోకుండా, నా ఎదుట జరిగింది. డిగ్రీ రెండో సంవత్సరం పేపరు. ఒక విద్యార్థి కథ మీద జవాబు మొత్తం తన మాటతీరులోనే రాశాడు. 'గాయిన', 'ఎట్లనో', 'చెప్పిండు', 'ఒస్తలేదు' ఇలా. విషయం గట్టిగా ఉంది. కథలో జీతగాడి కోపం ఎక్కడ మలుపు తిరిగిందో అతను పట్టుకున్నంత స్పష్టంగా ఆ కట్టలో ఇంకెవరూ పట్టుకోలేదు. పక్క కుర్చీలోని మిత్రుడు ఇరవైకి ఆరు వేశాడు. "ఏం మాస్టారూ, అంత తక్కువ?" అన్నాను. "భాష చూశారా సార్? పరీక్షలో రాసే భాషేనా అది?" అన్నాడాయన. "చెప్పిండు అన్నదానికి ఎన్ని మార్కులు తీశారు?" అని అడిగాను. ఆయన దగ్గర లెక్క లేదు. కీలో భాషకంటూ మార్కులే లేవు. లేని గడిలోంచి మార్కులు తీశాడు. ఇద్దరం చీఫ్ దగ్గరికి వెళ్లాం. ఆయన జవాబంతా చదివి పదమూడు వేయించాడు. ఆ మిత్రుడు దుర్మార్గుడు కాదు. తన నోటితో ఇంట్లో మాట్లాడే భాష కూడా అంతకంటే 'ప్రామాణికం' ఏమీ కాదు.

ఈ గొడవ ఇవాళ్టిది కాదని సాహిత్య విద్యార్థులు గుర్తుంచుకోవాలి. వ్యావహారిక భాషోద్యమాన్ని మనం సాహిత్యోద్యమంగా చదువుకుంటాం. దాని కేంద్రంలో ఉన్నది పరీక్ష పేపరు. ఇంటర్మీడియట్, స్కూల్ ఫైనల్ విద్యార్థి తెలుగు కాంపోజిషన్ ఏ భాషలో రాస్తే మార్కులు వేయాలి అన్నదే నాటి తగువు. గిడుగు 1913లో ఆధునికాంధ్రం గురించి మెమొరాండం రాసింది, జయంతి రామయ్య పంతులు కావ్యభాషను సమర్థించింది ఆ సందర్భంలోనే. మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన కాంపోజిషన్ ఉపసంఘంలో మెజారిటీ నిర్ణయాన్ని కాదని గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశాడు. మరుసటి ఏడాదే ఆయన చనిపోయాడు. ఆరోగ్యం బాగాలేని రోజుల్లో ఒక మహాకవి కవిత్వం పక్కనపెట్టి, మార్కుల వ్యవహారం మీద ఒక పుస్తకమంత పత్రం ఎందుకు రాశాడు? ఏ భాషకు మార్కులు పడితే ఆ భాషే చదువుకున్నవాడి భాషవుతుందని ఆయనకు తెలుసు. ఆ పోరాటం గెలిచామనుకున్నాక, గెలిచిన వ్యావహారికం తానే గ్రాంథికం కుర్చీలో కూర్చుంది.

ఇద్దరు దిద్దితే న్యాయం జరుగుతుందా? చాలాచోట్ల పి.జి. పేపర్లు ఇద్దరు దిద్దుతారు. తేడా ఒక హద్దు దాటితే మూడోమనిషికి పంపి, దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకుంటారు. మొదటివాడు 42, రెండోవాడు 61, మూడోవాడు 50 వేశారనుకోండి. 42, 50 దగ్గర కాబట్టి 46 వస్తుంది. ఆ 61 వేసిన మనిషే జవాబును నిజంగా చదివినవాడైతే? లెక్క దాన్ని కనిపెట్టలేదు. మామూలు తీర్పువైపు మొగ్గడం సగటు స్వభావం. మామూలు పేపరుకు అది రక్షణ, అసాధారణమైన పేపరుకు శిక్ష. పైన చెప్పిన విద్యార్థికి మేలు చేసింది సగటు కాదు, ఇద్దరు మనుషులు మాట్లాడుకోవడం.

ఇప్పుడు మార్కుల బదులు గ్రేడులొచ్చాయి. 2015లో యూజీసీ సూచించిన పది పాయింట్ల పద్ధతిలో 'ఓ' గ్రేడుకు 10, అక్కడినుంచి ఒక్కొక్కటే తగ్గుతూ పాస్ గ్రేడుకు 4. ప్రతి పేపరు గ్రేడు పాయింటును దాని క్రెడిట్లతో గుణించి, మొత్తాన్ని క్రెడిట్లతో భాగిస్తారు. ఒకటి రెండు మార్కుల తేడాకు అర్థం లేదు కాబట్టి గ్రేడులు మేలన్నారు. నిజమే. కానీ గ్రేడు 60 దగ్గర మొదలైతే, 60కీ 69కీ తేడా లేదు, 59కీ 60కీ ఉంది. పొరపాటు మార్కులోంచి సరిహద్దులోకి మారింది, అంతే. ఇంకో సంగతి. పైన ఎక్కడ జారినా పోయేది ఒక్క పాయింటు. పాస్ దగ్గర జారితే 4 నుంచి తిన్నగా సున్నా. 3, 2, 1 అనేవి లేవు. కాబట్టి రెండోసారి చదవవలసిన పేపర్లేవని అడిగితే, పాస్ గీతకు అటూ ఇటూ ఐదు మార్కుల్లో ఉన్నవన్నీ అంటాను. ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకున్నవాళ్లవి మాత్రమే కాదు. రీవాల్యుయేషన్ ఫీజు కట్టగలిగినవాడికే రెండో చదువు దక్కడం న్యాయమెలా అవుతుంది?

ఇంటర్నల్ మార్కుల గురించి రెండు ముక్కలు. చదువు చెప్పిన మనిషే దిద్దడం విద్యాపరంగా మంచిది. కోడ్ నంబరు ఇచ్చే రక్షణ మాత్రం అక్కడ ఉండదు. దిద్దిన పేపరును తరగతిలో తిరిగి ఇచ్చేసి, ఎందుకు తగ్గిందో రాతపూర్వకంగా చెప్పే చోట అది బాగా నడుస్తుంది. చెప్పని చోట దక్షిణగా మారుతుంది.

చూపించడం గురించే చట్టం కూడా చాలాకాలం విద్యార్థికి ఎదురుగా ఉంది. 1984లో మహారాష్ట్ర బోర్డు కేసులో, జవాబు పత్రాలు చూపించకపోవడాన్నీ రీవాల్యుయేషన్ నిషేధించడాన్నీ సుప్రీంకోర్టు సమర్థించింది. సమాచార హక్కు చట్టం 2005లో వచ్చాక, 2011 ఆగస్టులో సి.బి.ఎస్.ఇ. కేసులో అదే కోర్టు, దిద్దిన తన పేపరును చూసే హక్కు విద్యార్థికి ఉందని చెప్పింది. మళ్లీ దిద్దించే హక్కు మాత్రం ఆ చట్టం వల్ల రాదనీ చెప్పింది. దిద్దినవారి పేర్లు బయటపెట్టనక్కర్లేదు.

ఈ హక్కును వాడుకుని తన పేపరు నకలు తెచ్చుకున్న ఒక పూర్వవిద్యార్థి దాన్ని నాకు చూపించాడు. ముప్పై రెండు పేజీల్లో ఎర్రసిరాతో ఉన్నవి పది టిక్కులు, ఐదు అంకెలు, చివర ఒక కూడిక. మాట ఒక్కటీ లేదు. ఆధునిక కవిత్వం మీద అతను రాసిన తొమ్మిది పేజీల జవాబుకు పక్కన 7 అని ఉంది. ఎందుకు 7 అని అతను నన్నడిగాడు. జవాబు చదివి, నేనైతే ఎంత వేస్తానో, ఎందుకు వేస్తానో ఒక కాగితం మీద పది వాక్యాలు రాసి ఇచ్చాను. అది రాయడానికి నలభై నిమిషాలు పట్టింది.