మీకు తెలుసా? స్కేటింగ్ బూటులో నూలు సాక్సు వద్దు!

పల్నాడులోని ఎడ్లపాడు చుట్టుపక్కల పత్తి పండుతుంది, నూలు మిల్లులూ ఉన్నాయి. అక్కడి ఎండకు నూలు బట్టను మించింది లేదు. స్కేటింగ్ బూటులో మాత్రం అది పాదానికి పనికిరాదు. పత్తి చెమటను పీల్చుకుని త్వరగా వదలదు. మామూలు గాలిలోనే అది తన బరువులో సుమారు 8.5 శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ 0.4 శాతమే. తడిసిన చర్మం ఒరుసుకుంటే బొబ్బలెక్కుతుంది. మందపు సాక్సు వేస్తే పాదం బూటులో అటూ ఇటూ జరిగి చక్రాలపై పట్టు తప్పుతుంది.

2010 గ్వాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో రోలర్ స్కేటింగ్‌లో రెండు కాంస్యాలు గెలిచిన అనూప్ కుమార్ యామా మన హైదరాబాదీయే. అలాంటి పతకాల కల కనే పిల్లలకు నైలాన్ లేదా పాలిస్టర్ కలిసిన, పల్చటి, బూటు అంచు దాటే సాక్సు కొనండి. వేళ్ల దగ్గర కుట్టు గుచ్చుకోకూడదు. బూటు కొనేటప్పుడు అవే తొడిగి చూడండి.