ఫెర్మా ఊహ – 641

పిల్లలూ! 4294967297 అనే ఈ సంఖ్యను చదవండి. మారిషస్‌లో లెక్కల తరగతిలో మీరు మూడేసి అంకెలుగా విడదీసి, ఇంగ్లీషులో నాలుగు బిలియన్లతో మొదలుపెడతారు. తెలుగులో కుడివైపు మూడంకెలు విడిచి, వేలకు రెండు, లక్షలకు రెండు అంకెలు వేరుచేయాలి. మిగిలినవన్నీ కోట్లు: 429,49,67,297. అనగా నాలుగు వందల ఇరవైతొమ్మిది కోట్ల నలభైతొమ్మిది లక్షల అరవైఏడు వేల రెండు వందల తొంభైఏడు. ఒక గొప్ప గణితవేత్త ఊహను తలకిందులు చేసిన సంఖ్య ఇది.

1తోనూ, తనతోనూ తప్ప మరే సంఖ్యతోనూ నిశ్శేషంగా భాగింపబడని సంఖ్యను (1 కాక) ప్రధాన సంఖ్య అంటారని మీకు తెలుసు. ఇప్పుడు 3 తీసుకోండి. అందులో 1 తీసివేసి, వచ్చినదాన్ని దానితోనే గుణించి, మరల 1 కలపండి. 5 వస్తుంది. 5తో అలాగే చేస్తే 17. తరువాత 257, ఆపైన 65537. ఈ ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో ఆరవది మన పెద్ద సంఖ్య.

ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో న్యాయాధికారిగా ఉండిన పియేర్ ద ఫెర్మాకు తీరిక వేళల్లో లెక్కలే ప్రాణం. (ఆయన పేరు చివరి అక్షరం పలకరాదని ఫ్రెంచి తెలిసిన మీకు చెప్పనక్కరలేదు.) ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే అని ఆయన నమ్మి, 1640లో లేఖలో వ్రాశాడు. నిరూపణ మాత్రం తనకు చిక్కలేదని కూడా దాచకుండా వ్రాశాడు.

92 ఏళ్లు గడిచాయి. రష్యాలోని సెంట్ పీటర్స్‌బర్గ్ అకాడమీలో పనిచేస్తున్న లియొనార్డ్ ఆయిలర్ అప్పటికి 25 ఏళ్ల యువకుడు. 1732లో అతడు చూపినది ఇది:

641 × 6700417 = 4294967297

ఆరవ సంఖ్య ప్రధాన సంఖ్య కాదు!

ప్రధాన సంఖ్యల వరుసలో 641 ది 116వ స్థానం. 2, 3, 5 అంటూ ఒక్కొక్కదానితో ఈ పదంకెల సంఖ్యను భాగిస్తూ పోతే చేయి నొప్పిపుడుతుంది. ఆయిలర్ తరువాత నిరూపించిన సూత్రం ఆ శ్రమ తగ్గిస్తుంది. మన సంఖ్యను భాగించగల ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 64తో భాగిస్తే 1 మిగలాలి. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదవ ప్రయత్నంలోనే దొరుకుతుందన్నమాట.

641 నిజంగా భాగిస్తుందా? పెద్ద గుణకారం లేకుండానే తేల్చవచ్చు. మన సంఖ్య అంటే 65536 × 65536కు 1 కలిపినది. 65536ను 641తో భాగించండి, శేషం 154. ఇక 65536 జోలికి పోనక్కరలేదు, ఆ శేషాన్ని దానితోనే గుణిస్తే చాలు: 154 × 154 = 23716. దీన్ని 641తో భాగిస్తే 640 మిగులుతుంది. దానికి 1 కలపండి. 641! ఇక శేషం లేదు.

మిగిలిన నాలుగింటితోనూ ఇలాగే చేసి చూడండి. 193తో శేషం 109, 257తో 2, 449తో 325, 577తో 288 రావాలి.

ఏడవ సంఖ్యకు ఇరవై అంకెలు. దాన్ని 274177 భాగిస్తుంది. ఆ తరువాతి వాటిలో ఇంతవరకు తేలినవేవీ ప్రధాన సంఖ్యలు కావు. ఈ వరుసలో ఆరవ ప్రధాన సంఖ్య ఎక్కడైనా ఉన్నదో, అసలు లేదో నేటికీ ఎవరూ నిరూపించలేదు.