112కు ఫోన్ చేస్తే... బాధ్యత ఎవరిది?

పుదుచ్చేరి: పోలీసులు, అగ్నిమాపక దళం, అంబులెన్స్... ఏ అత్యవసర సాయానికైనా దేశమంతటా ఒకే నంబరు 112. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 ఏప్రిల్‌లో దీనిని సిఫార్సు చేసింది. 2019 ఫిబ్రవరి 19న ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, పుదుచ్చేరి సహా 16 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో ఈ సేవ ప్రారంభమైంది. దేశవ్యాప్త పథకానికి నిర్భయ నిధి నుంచి రూ.321.69 కోట్లు కేటాయించారు.

పర్యవేక్షణ ఒకరి చేతిలో లేదు. నంబరు కేటాయింపు, టెలికాం సంస్థల లైసెన్సు షరతులు కేంద్ర టెలికాం విభాగం పరిధిలోనివి. పథకం కేంద్ర హోం శాఖది. కాల్ స్వీకరించి వాహనాన్ని పంపే బాధ్యత రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలది.

ఈ విభజన వల్ల తలెత్తే చిక్కు పుదుచ్చేరిలో స్పష్టంగా కనిపిస్తుంది. ఒకే పాలన కింద ఉన్న నాలుగు ప్రాంతాలు మూడు టెలికాం సర్కిళ్లలో ఉన్నాయి. పుదుచ్చేరి, కారైకాల్ తమిళనాడు సర్కిల్‌లోనూ, మాహె కేరళ సర్కిల్‌లోనూ, తెలుగువారు నివసించే యానాం ఆంధ్రప్రదేశ్ సర్కిల్‌లోనూ ఉన్నాయి. పుదుచ్చేరి పట్టణం నుంచి యానాం 800 కిలోమీటర్లకు పైగా దూరం. చుట్టూ ఆంధ్రప్రదేశ్ భూభాగమే.

అందువల్ల యానాంలో ఆపదలో ఉన్నవారికి సర్కిల్ కంటే వారున్న చోటే ముఖ్యం. ఫోన్ ఎన్ని సెకన్లలో ఎత్తారన్న లెక్క ఒక్కటే చాలదు. కాల్ సరైన కేంద్రానికి చేరిందా, బాధితుల భాషలో సమాధానం దక్కిందా, వాహనం ఎంతసేపటికి వచ్చిందన్నవీ తనిఖీ చేయాలి. ఏ అంచెలో జాప్యం జరిగినా నష్టపోయేది ఫోన్ చేసినవారే. ఫోన్ చేసేవారు కూడా ముందుగా ఊరు, వీధి పేరు చెప్పడం మేలు.