బొమ్మ కారు మంచిదే, థిన్నర్‌తోనే జాగ్రత్త!

ప్లాస్టిక్ ముక్కలు అతికించి, రంగులు వేసి, అసలు కారులో ఇరవై నాలుగో వంతు ఉండే బొమ్మ కారు తయారుచేయడం చక్కని కాలక్షేపం. వేళ్లకు నేర్పు, మనసుకు నిలకడ వస్తాయి. మీ పిల్లలకు ఈ సరదా ఉంటే వద్దనకండి. కాని జిగురు, థిన్నర్ల సంగతి తెలుసుకోండి.

ఈ జిగురు ప్లాస్టిక్‌నే కొంచెం కరిగించి అతికిస్తుంది. అందులోనూ, థిన్నర్‌లోనూ ఉండే టోలుయీన్ వంటి ద్రవాలు ఇట్టే ఆవిరై, ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, మెదడుకు చేరుతాయి. తలనొప్పి, తల తిరగడం, వికారం కనిపిస్తే పని ఆపి ఆరుబయటికి రావాలి. ఈ ఆవిరి గాలికంటే బరువు. నేలబారున పరుచుకుంటుంది. కనుక తలుపులు మూసి చాపమీద కాక, తెరిచిన కిటికీ పక్కన బల్లమీద చేయించండి. చేతిరుమాలు కట్టుకుంటే ఆవిరి ఆగదు. దగ్గరలో పొయ్యి, అగరువత్తి ఉండకూడదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, మిగిలిన థిన్నర్‌ను కూల్‌డ్రింకు సీసాలో పోసి ఉంచడం. పసివాడు తాగేస్తే వాంతి చేయించకండి, ఉప్పునీళ్లు పట్టకండి. వాంతితో అది ఊపిరితిత్తుల్లోకి దిగి న్యుమోనియా తెస్తుంది. వెంటనే 108కు ఫోన్ చేయండి. సీసా వెంట తీసుకెళ్లండి. ఎల్లారెడ్డివారు కామారెడ్డి దాకా పోదామని ఆగకుండా, ముందు ఊళ్లోని ప్రభుత్వాసుపత్రిలో చూపించండి. బిడ్డ హుషారుగా ఉన్నా సరే, ఆయాసం కొన్ని గంటల తర్వాత మొదలుకావచ్చు.

నీటిలో కలిపే ఆక్రిలిక్ రంగులు కొనిస్తే థిన్నర్ అవసరం చాలావరకు తప్పుతుంది. పని అయ్యాక సబ్బుతో చేతులు కడిగించడం మరవకండి.