పిడికెడు కుక్క... గంపెడు రోషం!

చూడ్డానికి పిడికెడంత ఉంటుంది. తూకం వేస్తే మూడు కిలోలు. కానీ గేటు దగ్గర కొత్త మనిషి కనిపిస్తే చాలు... వీధంతా తన జాగీరన్నట్టు అరుస్తుంది. నెల్లిమర్ల లాంటి ఊళ్లలోనూ ఇప్పుడు పాలవాణ్నీ పేపరబ్బాయినీ నిలదీసే బొచ్చుకుక్కలు కనిపిస్తున్నాయి. ఇంట్లోవాళ్లు ముచ్చటపడి నవ్వుకుంటారు. అదే పని అల్సేషన్ చేస్తే నవ్వుతారా? పొట్టి జాతులతో వచ్చే చిక్కంతా ఇక్కడే. కుక్కపిల్లను ముద్దు చేస్తాం కానీ క్రమశిక్షణ నేర్పం.

నిజానికి 'టాయ్ డాగ్' అన్న పేరులోనే తిరకాసుంది. సైజు బొమ్మదే, మనసు మాత్రం కుక్కది. పొమరేనియన్‌నే తీసుకోండి. దాని పూర్వికులు చలిదేశాల్లో బండ్లు లాగిన పెద్ద కుక్కలు. ఒళ్లు తగ్గింది, పౌరుషం తగ్గలేదు. పెకినీస్ చైనా రాజమందిరాల్లో పెరిగింది. 1860లో బ్రిటిష్ సైనికులు బీజింగ్ వేసవి ప్రాసాదాన్ని దోచుకున్నప్పుడు తీసుకెళ్లిన పెకినీస్‌లలో ఒకటి విక్టోరియా రాణి దగ్గరకు చేరింది. దానికి పెట్టిన పేరేంటో తెలుసా? లూటీ! అవును, మన లూటీయే.

అన్నట్టు, మన దగ్గర 'పామ్' అని అమ్మేవాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్‌లే. అసలు పొమరేనియన్ మూడు కిలోలు దాటడం అరుదు. స్పిట్జ్ అంతకు రెట్టింపు తూగుతుంది, మన వాతావరణానికీ బాగా అలవాటుపడింది. రెండూ చురుకైనవే, రెండూ అరుపులకు పెట్టింది పేరే. అరిచినప్పుడల్లా ఎత్తుకుని బుజ్జగిస్తే, అరిస్తే ఒళ్లోకి తీసుకుంటారని నేర్చుకుంటుంది. ఊరుకున్నాక పిలిచి మెచ్చుకోవాలి.

చివావా ఒక్కరినే అంటిపెట్టుకుంటుంది. మిగతావాళ్లు దగ్గరికొస్తే గుర్రుమంటుంది. పాకే పిల్లలున్న ఇంటికి అంతగా నప్పదు. షిట్జూ నెమ్మదస్తురాలు, ఇంటికొచ్చిన చుట్టాలందరితోనూ స్నేహమే. కాకపోతే రోజూ దువ్వే ఓపిక మీకుండాలి.

ఇక పగ్. 2003లో హచ్ ప్రకటనలో బుడతడి వెంట గునగునా నడిచాక దేశమంతా దాని వెంటపడింది. స్వభావానికి వంక పెట్టలేం. పిల్లలంటే ప్రాణం, అరుపులు తక్కువ, తిండియావ ఎక్కువ. ముక్కుతోనే వస్తుంది ముప్పు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నోరు తెరిచి వగర్చడమే దాని ఫ్యాను. ముక్కు నొక్కుకుపోయిన పగ్‌కు ఆ గాలే సరిగా ఆడదు. విజయనగరం జిల్లాలో మే నెల ఉక్కపోత మనకే ఊపిరాడనివ్వదు, దాని సంగతి చెప్పాలా? పెంకుటింటి అరుగు మీదో, రేకుల షెడ్డులోనో కట్టేస్తే ప్రాణాలకే ప్రమాదం. ఆగకుండా వగరుస్తూ, చొంగ కారుస్తూ, తూలుతోందంటే వడదెబ్బే అనుకోండి. వెంటనే నీడకు చేర్చి, మామూలు నీళ్లతో ఒళ్లు తడిపి, ఫ్యాను కింద ఉంచి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాలి. వేసవిలో షికారు తెల్లవారుజామునే. రోడ్డు మీద మీ అరచేయి ఆనించలేకపోతే దాని పాదాలూ ఆనలేవు. మెడకు పట్టీ బదులు ఛాతీకి తొడిగే బెల్టు వాడితే గొంతు మీద ఒత్తిడి పడదు.

పిల్లలున్న ఇంట్లో భయం రెండు వైపులా ఉంటుంది. సోఫా మీంచి దూకినా, చిన్నారి చేతుల్లోంచి జారినా ఈ కుక్కల సన్నటి కాళ్లు విరగొచ్చు. బొమ్మలా నలిపితే భయంతో కరవనూవచ్చు. చిన్న పన్నే కదా అని వదిలేయకూడదు. గాయాన్ని పావుగంట సేపు సబ్బుతో, పారే నీటితో కడిగి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. కుక్కకు మూడో నెలలో రేబిస్ టీకా వేయించి, ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్లీ వేయించాలి. నెల్లిమర్ల వాళ్లకు దగ్గర్లోనే, గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది.

పద్నాలుగు, పదిహేనేళ్లు బతికే ప్రాణి ఇది. ఇవాళ మారాం చేస్తున్న మూడో తరగతి బాబు ఇంజినీరింగ్‌కు వెళ్లిపోయాక కూడా అన్నం పెట్టాల్సింది అమ్మానాన్నలే. రోజంతా తాళం వేసి ఉండే ఇల్లయితే ఈ ఒడికుక్కలు బెంగపడి అరుస్తాయి, కుర్చీ కాళ్లు కొరికేస్తాయి. అన్నీ ఆలోచించుకుని సరేననుకున్నాక కూడా, ఎనిమిది వారాలు నిండని పిల్లను తెచ్చుకోవద్దు. కొనేముందు తల్లి కుక్కను చూపించమనండి. ముక్కూ మొహం తెలియని మనల్ని చూసి అది ఎలా ఉంటుందో కాసేపు గమనించండి. తల్లి ఇక్కడ లేదని దాటేస్తే, డబ్బులు జేబులోనే ఉంచుకుని వచ్చేయండి.