గూట్లో మాత్రలు.. ఒంట్లో రక్తలేమి

ఉప కేంద్రంలో ఉచితంగా ఇచ్చే ఇనుము మాత్రలు చాలా ఇళ్లలో గూటికే పరిమితమవుతున్నాయి. వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, విరేచనం నల్లగా అవుతోందని గర్భిణులు మానేస్తున్నారు. నల్లగా రావడం జబ్బు కాదు. ఒంటికి పట్టని ఇనుము అలా బయటికి పోతుంది. వికారంగా ఉంటే రాత్రి భోజనం చేశాక వేసుకోవచ్చు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలింది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. 7కు దిగితే మాత్రలతో సరిపెట్టకుండా ఆస్పత్రికి వెళ్లాలి. అటువంటి మనిషికి కాన్పులో కాస్త ఎక్కువ రక్తం పోయినా ప్రాణం మీదికొస్తుంది.

నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు, కాన్పయ్యాక మరో 180 రోజులు వాడాలి. మాత్రకూ టీకీ కనీసం గంట ఎడం ఉండాలి. టీ ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. క్యాల్షియం మాత్ర వేరే పూట వేసుకోవాలి. వందలు పోసి కొనే టానిక్కు సీసాలో ఉండేదీ చాలావరకు ఈ ఇనుమే!

మునగాకు, తోటకూర పెరట్లోనే దొరుకుతాయి. వాటిలోని ఇనుము కొద్దిగానే ఒంటికి పడుతుంది. అన్నంలో నిమ్మరసం పిండుకున్నా, జామకాయో ఉసిరికాయో తిన్నా మరికాస్త పడుతుంది. అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి మాత్ర ఒక్కటే ఏం చేస్తుంది?

ఎర్రగా ఉండే ఈ మాత్రలను పసివాళ్లు చాక్లెట్లనుకుని మింగితే ప్రాణాపాయం. గూడు వాళ్లకు అందనంత ఎత్తులో ఉండాలి.